దాగిన గుణము — సాంబమసూరి వంశకథ

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని తెలుగువారి సామెత. జొన్న చల్లిన చేలో కంది మొలవదు అన్నంతవరకు ఈ మాట ముమ్మాటికీ నిజము. కాని ఒకే పైరులోని గుణముల సంగతి వేరు. పొడవైన మొక్క నుండి తీసిన విత్తనములో గిడస మొక్కలు మొలవవచ్చును. తెగులును తట్టుకొన్న దుబ్బు నుండి తీసిన వడ్లలో తెగులుకు లొంగిపోయే మొక్కలు పుట్టవచ్చును. తల్లిలో కానరాని గుణము పిల్లలో ఎక్కడి నుండి వచ్చినది? నూరు మొక్కలలో ఎన్నింటికి వచ్చును? దానిని ముందుగా లెక్కకట్టి చెప్పగలమా? ఈ ప్రశ్నలకు సమాధానము ఐరోపాలోని ఒక మఠపు తోటలో బఠానీ మొక్కల మధ్య దొరికినది. ఆ సమాధానము పల్నాటి వరిమళ్ళకు చేరడానికి దాదాపు నూటనలభై సంవత్సరములు పట్టినది. సాంబమసూరి అనే వరి రకము చరిత్రయే ఆ ప్రయాణపు చరిత్ర.

పల్నాడు – వరి

పల్నాడు చిరకాలము మెట్టసీమగా పేరుపొందినది. శ్రీనాథ మహాకవి ఇక్కడి జొన్నకూటిని గురించి చాటువులలో ఎగతాళి చేసినాడని ప్రసిద్ధి. 1955 డిసెంబరు 10న మాచర్లకు చేరువలో కృష్ణానదిపై నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి పడినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలినారు. జవహర్ కాలువ అని పేరుపెట్టిన కుడికాలువ మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతములలో చాలా భూములను మాగాణిగా మార్చినది. నీరు అందని చోట ప్రత్తి, మిరప నిలిచినవి. నీరు అందిన చోట వరి నాటినారు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు ప్రత్యేక జిల్లా అయినది.

ఈ మాగాణి రైతులకు చిరపరిచితమైన రకము బి.పి.టి. 5204. బి.పి.టి. అనగా బాపట్ల. అక్కడి పరిశోధన కేంద్రములో రూపొంది 1986లో విడుదలైన ఈ రకమునకే సాంబమసూరి అని పేరు. గింజ సన్నము, అన్నము మెత్తగా, రుచిగా ఉండును, బజారులో ధర పలుకును. పైరు సుమారు 145 మొదలు 150 రోజులలో కోతకు వచ్చును. ఇన్ని గుణములున్న ఈ రకమునకు ఒక పెద్ద లోపము ఉన్నది. బాక్టీరియా ఆకుఎండు తెగులు సోకినచో ఇది తట్టుకొనలేదు.

ఈ తెగులుకు కారణము జాంథోమోనాస్ ఒరైజే అనే సూక్ష్మజీవి. గాలివానలో ఆకులు ఒకదానితో ఒకటి ఒరసుకొని గీరుకొన్నప్పుడు, ఆ గాయముల గుండాను, ఆకు అంచున ఉండే సూక్ష్మరంధ్రముల గుండాను ఇది లోపలికి ప్రవేశించును. ఆకు కొన నుండి అంచుల వెంబడి అలలవలె పసుపుచార దిగివచ్చి, ఆకు గడ్డివలె ఎండిపోవును. నత్రజని ఎరువు మోతాదు మించినచో తెగులు మరింత చెలరేగును. శిలీంధ్రములకు మందు చల్లినట్లు దీనికి చల్లి పైరును పూర్తిగా కాపాడగల మందు లేదు. కావున రక్షణ మొక్కలోనే ఉండవలెను. తట్టుకొనే శక్తిని సాంబమసూరిలో చేర్చవలెను. కాని దాని గింజ, రుచి, దిగుబడి ఏమాత్రము మారరాదు. ఈ చిక్కుముడి ఎట్లు విడినదో తెలియవలెనంటే మొదట మెండెల్ వద్దకు పోవలెను.

మఠపు తోటలో లెక్క

గ్రెగర్ మెండెల్ నాటి ఆస్ట్రియా సామ్రాజ్యములోని బ్రున్ పట్టణపు మఠములో సన్యాసి. ఆ పట్టణము నేడు చెక్ దేశములో బ్ర్నో అను పేరుతో ఉన్నది. 1856 మొదలు సుమారు ఎనిమిది సంవత్సరములు ఆయన బఠానీ మొక్కలను సంకరపరచి, సంతతిలో ఏ గుణము ఎన్ని మొక్కలలో కనిపించినదో ఓపికగా లెక్కపెట్టినాడు. అంతకుముందు సంకరములు చేసినవారు లేకపోలేదు. ఒక్కొక్క గుణమును వేరుచేసి తరతరమునకు లెక్కపెట్టుటయే ఆయన చేసిన క్రొత్త పని.

పొడవు రకమును గిడస రకముతో సంకరపరచగా మొదటి తరములో అన్నియు పొడవు మొక్కలే వచ్చినవి. గిడసతనము నశించినదనుకొనవచ్చును. కాని ఆ పొడవు మొక్కలను వాటి పుప్పొడితోనే ఫలింపజేయగా, రెండవ తరపు 1,064 మొక్కలలో 787 పొడవు, 277 గిడస వచ్చినవి. అనగా సుమారు మూడింటికి ఒకటి. పైకి కనిపించే గుణమును బహిర్గత గుణమనియు, దాగియుండే గుణమును అంతర్గత గుణమనియు అన్నారు.

మెండెల్ ఇచ్చిన వివరణ మిక్కిలి సరళమైనది. ప్రతి మొక్కలోను ఒక్కొక్క గుణమునకు రెండు కారకములు ఉండును: ఒకటి తల్లి ఇచ్చినది, మరొకటి తండ్రి ఇచ్చినది. నేడు వీటిని జన్యువులంటున్నాము. పొడవు జన్యువును ‘పొ’ అనియు, గిడస జన్యువును ‘గి’ అనియు వ్రాసినచో, మొదటి తరపు మొక్క ‘పొగి’. అది పుప్పొడిని, అండమును తయారుచేసేటప్పుడు ఒక్కొక్క కణమునకు ఒక్క జన్యువునే ఇచ్చును. సగము కణములకు పొ, సగమునకు గి. ఇట్టి కణములు కలిసినపుడు నాలుగు పాళ్ళలో ఒక పాలు పొపొ, రెండు పాళ్ళు పొగి, ఒక పాలు గిగి అగును. గి జన్యువు జంటగా కలిసినపుడే గిడసతనము బయటపడును.

ఇందులోనే ఒక సూక్ష్మము ఉన్నది. గిడస మొక్కను చూడగానే అది గిగి అని, దాని సంతతి అంతా గిడసయే అని చెప్పవచ్చును. పొడవు మొక్కను చూచి ఏమీ చెప్పలేము. అది పొపొ కావచ్చును, పొగి కావచ్చును. మెండెల్ రెండవ తరపు పొడవు మొక్కలలో 100 తీసుకొని, ఒక్కొక్కదాని విత్తనములను వేరువేరుగా వేసి చూచినాడు. 28 మొక్కల సంతతి అంతా పొడవే. 72 మొక్కల సంతతిలో గిడసలు బయటపడినవి. కంటికి ఒక్కటిగా కనిపించిన నూరు మొక్కలు లోపల రెండు తెగలు.

1865లో ఆయన ఈ ఫలితములను స్థానిక ప్రకృతిశాస్త్ర సంఘములో చదివినాడు. 1866లో అవి అచ్చయినవి. 1900 వరకు వాటి విలువను గుర్తించినవారు లేరు. ఆ సంవత్సరము డి ఫ్రీస్, కారెన్స్ మున్నగు శాస్త్రజ్ఞులు తమ ప్రయోగములలో అవే నిష్పత్తులు చూచి మెండెల్ పేరును వెలుగులోకి తెచ్చినారు. అప్పటికి ఆయన చనిపోయి పదహారు సంవత్సరములు.

కోయంబత్తూరులో వరి

ఆ రోజులలో పల్నాడు తాలూకా గుంటూరు జిల్లాలోను, గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రములోను ఉండెడివి. ఆ రాష్ట్రపు వ్యవసాయ పరిశోధనకు కోయంబత్తూరు కేంద్రము. 1912లో అక్కడ వరి పరిశోధన కేంద్రము ప్రారంభమైనది. ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు ఎఫ్. ఆర్. పార్నెల్, ఆయన సహాయకులు జి. ఎన్. రంగస్వామి అయ్యంగారు, కె. రామయ్య మెండెల్ లెక్కను వరిలో పరీక్షింప పూనుకొన్నారు.

వరిని సంకరపరచుట ఓర్పుతో కూడిన పని. వరిపువ్వు తన పుప్పొడితో తానే ఫలించును. పువ్వు విచ్చుకొనేది ప్రొద్దుట కొద్దిసేపే. అందుచేత ముందటి సాయంకాలమే పొట్టుకొనను కత్తిరించి, లోపలి ఆరు కేసరములను సన్నని పటకారుతో తీసివేయవలెను. కంకికి కాగితపు సంచి తొడిగి, మరునాడు తండ్రి మొక్క పుప్పొడిని దులపవలెను. ఇంత శ్రమకు దక్కేవి కొద్ది గింజలు. వాటిని నాటి, తరువాతి తరమును మొక్క మొక్కగా లెక్కింపవలెను. ఈ ముగ్గురు 1917లో వరి గుణముల అనువంశికతను గురించి తమ తొలి నివేదికను ప్రకటించినారు. బఠానీకి చెల్లిన సూత్రమే వరికిని చెల్లినది.

1921లో పార్నెల్ మరొక చక్కని విషయము చూపినాడు. వండితే బంకవలె అంటుకొనే జిగట వరి ఒకటి ఉన్నది. దాని పిండిపదార్థము అయోడినుతో ఎర్రగోధుమరంగు పొందును. మామూలు వరి పిండి నీలమగును. జిగటతనము అంతర్గత గుణము. రెండింటి సంకరపు మొక్క పుప్పొడిపై అయోడిను చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూడగా, ఒకే మొక్క పుప్పొడిలో సగము రేణువులు నీలము, సగము ఎర్రగోధుమరంగు! జన్యువుల జంట విడిపోయి సగము సగము పంచుకొనునని మెండెల్ ఊహించినాడు. ఆ పంపకము ఇక్కడ కంటికి కనబడినది. సంతతి పెరిగేవరకు వేచియుండనక్కరలేదు.

అదే 1921లో ఈ కేంద్రము నుండి జి.ఇ.బి. 24 అనే రకము విడుదలైనది. ఆ అక్షరములు గవర్నమెంట్ ఎకనమిక్ బోటనిస్ట్ అనే పదవిపేరులోనివి. కోనమణి అనే రకములో సహజముగా కలిగిన మార్పువలన పుట్టిన సన్నగింజ రకమిది. కిచ్చిలి సాంబ అని జనము పిలిచినారు. సాంబమసూరి పేరులోని ‘సాంబ’ను చూచినచో ఈ ముత్తాత జ్ఞప్తికి వచ్చును.

మూడు దేశముల రక్తము

‘మసూరి’ దారి మరింత దూరమైనది. పార్నెల్ వద్ద పనిచేసిన రామయ్య 1946లో కటకములో స్థాపించిన కేంద్ర వరి పరిశోధన సంస్థకు మొదటి సంచాలకులైనారు. ఉష్ణదేశముల ఇండికా వరిని జపాను తరహా జపానికా వరితో సంకరపరచవలెనని ఆయన చేసిన సూచనను ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ స్వీకరించినది. 1950 తరువాతి సంవత్సరములలో కటకము ఈ కృషికి కేంద్రమైనది. సంకరపు విత్తనములు అనేక దేశములకు వెళ్ళినవి. మలయా దేశపు మయాంగ్ ఎబోస్ 80కిని, తైవాను దేశపు తైచుంగ్ 65కిని కలిగిన సంతతి నుండి 1965లో మలేషియాలో మషూరి అనే రకము వెలువడినది. అది మన దేశమునకు వచ్చి తెలుగువారి నోట మసూరి అయినది.

మూడవ పూర్వికుడు తైచుంగ్ నేటివ్ 1. తైవానులో పుట్టిన ఈ పొట్టి వరి గింజ ముతక. తెగుళ్ళకు తేలికగా లొంగును. దాని విలువ అంతా పొట్టితనములో ఉన్నది. జి.ఇ.బి. 24 వంటి పొడవు రకములకు ఎరువు ఎక్కువ వేసినచో గింజ బరువుకు పడిపోవును. పొట్టి రకము నిలిచియుండును. ఈ పొట్టితనమునకు కారణము ఒకే జన్యువు, అదియు అంతర్గతమైనది. సంకరము చేసిన మొదటి తరము పొడవుగానే ఉండి, రెండవ తరములో నాలుగింట ఒక వంతు పొట్టి మొక్కలు వచ్చును. ఆ పొట్టి మొక్కను ఏరుకొన్నచో ఈ గుణములో ఇక మార్పుండదు. మెండెల్ బఠానీ తోటలోని గిడస మొక్క సంగతియే ఇది.

బాపట్ల శాస్త్రజ్ఞులు జి.ఇ.బి. 24ను తైచుంగ్ నేటివ్ 1తో కలిపి, ఆ సంతతిని మషూరితో సంకరపరచినారు. తరతరము ఏరుతూ పోగా సన్నగింజ, రుచి, పొట్టితనము ఒక్కచోట చేరి బి.పి.టి. 5204 ఏర్పడినది. ఆకుఎండు తెగులును తట్టుకొనే జన్యువులు మాత్రము ఇందులో లేకపోయినవి.

కంటికి అందని జన్యువులు

తెగులును తట్టుకొనే జన్యువులు ఇతర వరులలో ఉన్నవి. వాటిని ఎక్స్‌ఏ అనే అక్షరములతో, ఒక్కొక్క సంఖ్యతో గుర్తింతురు. వీటిలో 21వది ఆఫ్రికాలోని మాలీ దేశమున దొరికిన లాంగిస్టామినాటా అనే అడవి వరి నుండి వచ్చినది, ఇది బహిర్గతము. దీని నిర్మాణమును 1995లో అమెరికాలో కనుగొన్నారు. 5వది, 13వది అంతర్గతములు. ఒక్క జన్యువునే నమ్ముకొన్నచో సూక్ష్మజీవి తన రూపు మార్చుకొని దానిని ఏనాడైనా దాటిపోవచ్చును. మూడు జన్యువులు ఒకే మొక్కలో ఉన్నచో మూడు గడులు వేసిన తలుపువలె ఉండును. పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు పి.ఆర్. 106 అనే తమ రకములో ఈ మూడింటిని ఒక్కచోట చేర్చియుండిరి. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలక సంస్థ, సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కలిసి ఆ వంశపు మొక్కను దాతగా తీసుకొన్నారు.

దాతతో ఒక్కసారి సంకరపరచినచో సంతతిలో సగము పంజాబు వరి వచ్చి చేరును. సాంబమసూరి గింజ పోవును. కావున సంతతిని మరల మరల సాంబమసూరితోనే కలుపవలెను. దీనికి పశ్చ సంకరణమని పేరు. మొదటి సంకరములో సాంబమసూరి వాటా సగము. ఒకసారి పశ్చ సంకరణము చేయగా సగటున నూటికి 75 పాళ్ళు, రెండవసారి 87.5, మూడవసారి 93.75, నాలుగవసారి 96.875. అన్యుల వాటా ప్రతిసారి సగమునకు తగ్గును.

కాని పోగొట్టవలసిన వాటాతోబాటు నిలుపవలసిన మూడు జన్యువులు కూడ పోయే ప్రమాదమున్నది. పశ్చ సంకరణపు సంతతిలో ఒక్కొక్క జన్యువు సగము మొక్కలకే అందును. మూడు జన్యువులు వేరువేరు క్రోమోసోములపై ఉన్నవి: 5వది అయిదవ క్రోమోసోముపై, 13వది ఎనిమిదవదానిపై, 21వది పదునొకండవదానిపై. కనుక అవి ఒకదానితో ఒకటి సంబంధము లేకుండ పంపకమగును. మూడును అందిన మొక్క ఎనిమిదింట ఒకటి. ఆ ఒక్కదానిని గుర్తించుట ఎట్లు?

తెగులు పెట్టి చూడవచ్చును. సూక్ష్మజీవులున్న నీటిలో ముంచిన కత్తెరతో ఆకుకొనను కత్తిరించి, ఎండు ఎంతవరకు దిగినదో కొలుచుట వాడుకలో ఉన్న పరీక్ష. ఈ పరీక్షలో 21వ జన్యువు జాడ తెలియును, అది బహిర్గతము కనుక. 5, 13 జన్యువులు ఒంటరిగా ఉన్నంతకాలము తమ ఉనికిని చూపవు. మెండెల్ 72 మొక్కలలో గిడసతనము దాగినట్లే ఇవియు దాగియుండును. వాటిని బయటపెట్టవలెనంటే ప్రతి పశ్చ సంకరణము తరువాత స్వయముగా ఫలింపజేసి మరొక తరము పెంచి చూడవలెను, కాలము రెట్టింపగును. తైచుంగ్ పొట్టితనము విషయములో పరిశోధకునికి మేలుచేసిన అంతర్గత స్వభావము ఇక్కడ అడ్డుగోడ అయినది.

ఈ గోడను దాటించినది గుర్తుల పద్ధతి. క్రోమోసోముపై ఒక జన్యువునకు అతిచేరువలో ఉన్న డి.ఎన్.ఏ. తునక దానితోపాటే సంతతికి పోవును. ఇరుగుపొరుగువారు ఒకే బండిలో ప్రయాణము చేసినట్లు. ఆ తునక దాతలో ఒక పొడవు, సాంబమసూరిలో మరొక పొడవు ఉన్నచో, దానిని కొలిచి జన్యువు ఉన్నదో లేదో చెప్పవచ్చును. లేత ఆకు ముక్క చాలును. తెగులు రానక్కరలేదు, మరొక తరము పెరగనక్కరలేదు. పార్నెల్ పుప్పొడిపై అయోడిను చుక్క వేసి చూచిన పని వంటిదే ఇది. మరికొన్ని గుర్తులతో మిగిలిన క్రోమోసోములలో సాంబమసూరి వాటా ఎక్కువగా ఉన్న మొక్కను కూడ ఏరుకొన్నారు.

నాలుగు పశ్చ సంకరణముల తరువాత ఎంపికచేసిన మొక్కలో మూడు జన్యువులును ఒంటరిగా ఉన్నవి. దానిని స్వయముగా ఫలింపజేయగా ఒక్కొక్క జన్యువు జంటపడుటకు నాలుగింట ఒక వంతు అవకాశము. మూడును ఒకేమారు జంటపడుటకు నాలుగింట ఒకటి మూడుసార్లు గుణించగా అరువదినాల్గింట ఒకటి. అయితే 64 మొక్కలు నాటినచో ఒకటి తప్పక దొరకునని కాదు. ఇది అవకాశపు లెక్క. 64 నాటినను ఒక్కటియు రాకపోవుటకు నూటికి 36 పాళ్ళు వీలున్నది. నూటికి 95 పాళ్ళు నిశ్చయముగా ఉండవలెనంటే 191 మొక్కలు, 99 పాళ్ళు నిశ్చయము కావలెనంటే 293 మొక్కలు పెంచవలెను. ఎన్ని మొక్కలు నాటవలెనో, ఎంత మడి కావలెనో ముందుగానే చెప్పగలుగుట మెండెల్ లెక్క ఇచ్చిన పెద్ద వరము. ఈ విధముగా మూడు జన్యువులును జంటపడిన మొక్కల నుండి వచ్చిన రకము మెరుగైన సాంబమసూరి అను పేరుతో 2008లో విడుదలైనది.

రైతు చేతిలో లెక్క

పల్నాటి రైతు ప్రత్తి, మిరప పైరులలో హైబ్రిడు విత్తనమును ఏటేటా కొనును. ఎందుకనగా హైబ్రిడు మొక్క మొదటి తరపుది. దానిలో ఎన్నో జన్యుజంటలు ‘పొగి’ వలె కలగలుపుగా ఉండును. దాని విత్తనము దాచి వేసినచో రెండవ తరములో గుణములు చెదరిపోవును. మెరుగైన సాంబమసూరి అటువంటిది కాదు. దాని జన్యువులు జంటపడి స్థిరమైనవి. వరి తన పుప్పొడితోనే ఫలించును. కావున రైతు తన కల్లములోని వడ్లను విత్తనముగా దాచుకొనవచ్చును.

ఒక జాగ్రత్త మాత్రము అవసరము. మామూలుగా విత్తనపు చేలో కేళీలను ఎత్తునుబట్టి, గింజనుబట్టి గుర్తించి పీకివేయుదురు. మెరుగైన సాంబమసూరిలో పాత సాంబమసూరి కలిసినచో ఆ ఉపాయము పారదు. రెండింటి ఎత్తు, గింజ, రంగు ఒకటే. అవి ఒకటిగా ఉండవలెననియే గదా నాలుగు పశ్చ సంకరణములు చేసినది! తెగులు లేని ఏడు రెండును ఒక్కలాగే పండును. తెగులు వచ్చిన ఏడు కలిసిన మొక్కలు ఎండిపోయి తమ గుట్టు తామే బయటపెట్టును. కాని అప్పటికే నష్టము జరిగియుండును. అందుచేత మొదటిసారి ధ్రువీకరించిన విత్తనమునే తెచ్చుకొని, నారుమడి, కల్లము, గోతాము పాత రకముతో కలియకుండ చూచుకొన్న రైతుకు ఆ మూడు జన్యువుల ఫలము పూర్తిగా దక్కును.